చెవి విద్యుత్ స్పందనలు: ఎలక్ట్రోడ్ ఎక్కడ పెట్టాలి, సరిగ్గా కూర్చుందని ఎలా తెలుసుకోవాలి

"మొదటి వేవ్ కనిపించట్లేదు, మెషీన్ పాడైందా?" "పోయిన వారం తీసిన దానికీ ఇవాళ్టి దానికీ ఎత్తులో సగానికి సగం తేడా ఉంది, దేన్ని నమ్మాలి?" "ఎస్‌పీ, ఏపీ నిష్పత్తి ఒకరు 0.35 దాటితే అసాధారణం అంటారు, ఇంకొకరు 0.5 అంటారు, ఎవరిది సరైంది?" ఏబీఆర్ (శబ్దానికి శ్రవణ నాడి, మెదడు కాండం ఇచ్చే విద్యుత్ స్పందనను వరుస వేవ్‌లుగా చూపేది), ఈకాగ్ (లోపలి చెవి, శ్రవణ నాడి స్పందనను చూపేది) పరీక్షలు చేయడం నేర్చుకుంటున్నవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలివి. మూడింటికీ జవాబు ఒకే చోట దొరుకుతుంది: ఎలక్ట్రోడ్ ఎక్కడ పెట్టారు, దాని కింద చర్మం ఎలా ఉంది. అదే చెవి, అదే శబ్దం, అదే మెషీన్. అయినా ఎలక్ట్రోడ్‌ను చెవి వెనక నుంచి కర్ణభేరి మీదికి జరిపితే తరంగం ఎత్తు దాదాపు పది రెట్లు మారుతుంది. కాబట్టి పరీక్షకు కేటాయించిన సమయంలో మొదటి పది నిమిషాలు ఎలక్ట్రోడ్‌కే ఇవ్వండి. ఆ తర్వాత గంటసేపు సగటు తీసుకుంటూ కూర్చునే పని తప్పుతుంది.

ఈ గైడ్ ఆడియాలజీ విద్యార్థులకూ టెక్నీషియన్లకూ ఉద్దేశించినది. కర్ణభేరిని తాకే పద్ధతులను శిక్షణ పొందినవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవాలి, కేవలం చదివి చేయకూడదు.

ముందుగా తెలియాల్సినది

శబ్దం చేరగానే కాక్లియా (లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న వినికిడి భాగం) దగ్గర మూడు స్పందనలు పుడతాయి. ఒకటి కాక్లియర్ మైక్రోఫోనిక్. ఇది ప్రధానంగా బయటి వరస హెయిర్ సెల్స్ నుంచి వస్తుంది, శబ్ద తరంగం ఏ రూపంలో ఉంటే ఆ రూపంలోనే ఉంటుంది. 1930లో వీవర్, బ్రే పిల్లి చెవి మీద చేసిన ప్రయోగాలతో వెలుగులోకి వచ్చింది ఇదే. రెండోది సమ్మేటింగ్ పొటెన్షియల్, అంటే ఎస్‌పీ. శబ్దం ఉన్నంతసేపూ బేస్‌లైన్ ఒక పక్కకు జరిగి నిలుస్తుంది. మూడోది యాక్షన్ పొటెన్షియల్, అంటే ఏపీ. శ్రవణ నాడిలోని వేల పోగులు ఒక్కసారిగా స్పందిస్తే వచ్చే శిఖరం ఇది. ఈకాగ్‌లో ఏపీ అనేదీ, ఏబీఆర్‌లో మొదటి వేవ్ అనేదీ ఒకటే. పేర్లు వేరు, ఎలక్ట్రోడ్ ఉన్న దూరం వేరు.

అసలు విషయం ఈ దూరమే. కాక్లియా పుర్రె ఎముక లోపల ఉంది. అక్కడ పుట్టిన వోల్టేజీ ఎముక, కండరం, చర్మం దాటుకుని బయటికి వచ్చేసరికి పలచబడిపోతుంది. ఏబీఆర్‌లోని ఐదో వేవ్ మాత్రం బ్రెయిన్‌స్టెమ్‌లో, అంటే మెదడు కాండంలో, లోతున పుడుతుంది. ఎలక్ట్రోడ్ తల మీద కాస్త అటూ ఇటూ జరిగినా దాని ఎత్తు పెద్దగా మారదు. అందుకే చెవి దగ్గరి ఎలక్ట్రోడ్ చెడితే మొదట మాయమయ్యేది మొదటి వేవే.

ఎక్కడ పెడితే ఎంత వస్తుంది

కింది అంకెలు మామూలు వినికిడి ఉన్న పెద్దవాళ్లలో, 90 డెసిబెల్ దగ్గర్లో ఇచ్చిన క్లిక్‌కు వచ్చే ఏపీ లేదా మొదటి వేవ్ ఎత్తులు. మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది కాబట్టి వీటిని అంచనాగానే తీసుకోండి.

- చెవి వెనక ఎముక, అంటే మాస్టాయిడ్ మీద: 0.1 నుంచి 0.3 మైక్రోవోల్ట్.
- చెవి తమ్మె మీద: దాదాపు అంతే, సాధారణంగా కొంచెం ఎక్కువ. కండరాల రొద మాత్రం తక్కువ.
- చెవి కాలువలో, బంగారు రేకు చుట్టిన ఫోమ్ టిప్‌తో: అర మైక్రోవోల్ట్ చుట్టుపక్కల.
- కర్ణభేరి మీద: 1 నుంచి 3 మైక్రోవోల్ట్.
- కర్ణభేరిని గుచ్చి మధ్య చెవి లోపలి గోడకు ఆనించిన సూదితో: 10 మైక్రోవోల్ట్ దాటడం మామూలే.

ఈ తేడా చేతిలోని పనిని ఎలా మారుస్తుందో చూడండి. సగటు తీసేటప్పుడు రొద, స్వీప్‌ల (ఒక్కో క్లిక్‌కు ఒక్కో రికార్డింగ్) సంఖ్య వర్గమూలం మేరకే తగ్గుతుంది. అంటే స్పందన ఎత్తు సగానికి పడిపోతే, అంతే స్పష్టత కోసం నాలుగు రెట్ల స్వీప్‌లు కావాలి. సెకనుకు 7.1 క్లిక్‌ల చొప్పున 2000 స్వీప్‌లకు దాదాపు 4 నిమిషాల 40 సెకన్లు పడుతుంది. 8000 స్వీప్‌లకు దాదాపు 19 నిమిషాలు. అంతసేపు కదలకుండా, దవడ బిగించకుండా పడుకోగలిగేవాళ్లు తక్కువ. ఎలక్ట్రోడ్‌ను దగ్గరికి జరపడం ఎందుకు మేలో ఈ లెక్కే చెబుతుంది.

మీకు కావాల్సింది ఐదో వేవ్‌తో వినికిడి స్థాయి అంచనా వేయడమే అయితే చెవి తమ్మె లేదా మాస్టాయిడ్ చాలు. మొదటి వేవ్, ఐదో వేవ్ మధ్య వ్యవధి కావాలి, చెవిలో వినికిడి లోపం కూడా ఉంది అంటే చెవి కాలువ ఎలక్ట్రోడ్ వాడండి. ఎస్‌పీ, ఏపీ నిష్పత్తి కావాలంటే కర్ణభేరి ఎలక్ట్రోడ్‌కు వెళ్లండి. చెవి కాలువ ఎలక్ట్రోడ్‌తో ఎస్‌పీ చూడొచ్చు గానీ, అర మైక్రోవోల్ట్ శిఖరం పక్కన ఉండే చిన్న భుజాన్ని గుర్తుపట్టడం మీద నమ్మకం పెట్టుకోవడం కష్టం. సూది ఎలక్ట్రోడ్ ఈఎన్‌టీ సర్జన్ చేతిలోని పని. స్థానిక మత్తు ఇచ్చి, సూక్ష్మదర్శిని కింద పెడతారు. ఇక్కడ దాని దశలు చెప్పడం లేదు.

కావలసినవి

- ఆటోస్కోప్, గుబిలి తీసే ఏర్పాటు.
- చర్మాన్ని రుద్దే ప్రెప్ జెల్, గాజు గుడ్డ, స్పిరిట్ స్వాబ్‌లు.
- కప్ ఎలక్ట్రోడ్‌లు లేదా ఒకసారి వాడి పారేసేవి, కనీసం నాలుగు. అన్నీ ఒకే లోహానివి కావాలి. ఒకటి వెండి, ఒకటి బంగారం కలిపితే రెండింటి మధ్య డీసీ తేడా పుట్టి బేస్‌లైన్ జారుతుంది. ఎస్‌పీ చూసేటప్పుడు సిల్వర్ క్లోరైడ్ పూత ఉన్నవి మేలు.
- ఎలక్ట్రోడ్ పేస్ట్, టేప్.
- చెవి కాలువ పద్ధతికి బంగారు రేకు ఫోమ్ టిప్‌లు, వాటి క్లిప్ వైరు.
- కర్ణభేరి పద్ధతికి మెత్తటి కొన ఉన్న ఎలక్ట్రోడ్, సెలైన్, సన్నటి పట్టకారు, తలకు పెట్టుకునే లైటు.
- ఇన్సర్ట్ ఇయర్‌ఫోన్‌లు. తల మీద పెట్టుకునే హెడ్‌ఫోన్ వద్దు. దాని కాయిల్ ఎలక్ట్రోడ్‌కు ఆనుకుని ఉండి తన విద్యుత్ ముద్రను రికార్డింగ్‌లో వేస్తుంది.

మొదటి భాగం: చర్మం మీద పెట్టేవి

1. ముందు చెవిలోకి చూడండి, ప్యూర్ టోన్ రిపోర్టు చూడండి. 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య వినికిడి బాగా తగ్గి ఉంటే క్లిక్‌కు మొదటి వేవ్ చిన్నదై పోవడమో అసలు రాకపోవడమో సహజం. ఆ సంగతి తెలియకుండా గంటసేపు ఎలక్ట్రోడ్‌లు మారుస్తూ కూర్చునేవాళ్లు చాలామంది.

2. నుదుటి ఎలక్ట్రోడ్ పెట్టండి. నుదుటి పైభాగంలో, జుట్టు మొదలయ్యే చోట, సరిగ్గా మధ్యలో. ఇది ప్లస్, అంటే నాన్‌ఇన్వర్టింగ్. నడినెత్తి మీద పెడితే ఐదో వేవ్ కొంచెం పెద్దదిగా వస్తుంది, కానీ జుట్టు పాయ తీసి పేస్ట్ నిలిపే ఓపిక కావాలి. పసిపిల్లల్లో నడినెత్తి జోలికి పోకండి. మాడు మెత్తగా ఉంటుంది, అక్కడ రుద్దడం, నొక్కడం చేయకూడదు.

3. రెండు చెవులకూ రెండు ఎలక్ట్రోడ్‌లు. ఇవి మైనస్, అంటే ఇన్వర్టింగ్. ఎక్కువ సందర్భాల్లో చెవి తమ్మె ముందువైపు గానీ లోవైపు గానీ పెట్టమని మా సలహా. మాస్టాయిడ్ కింద మెడ కండరం మొదలవుతుంది, చెవి వెనక ఇంకో చిన్న కండరం ఉంది. గట్టి శబ్దానికి ఆ చిన్న కండరం బిగిస్తే 12 నుంచి 15 మిల్లీసెకన్ల దగ్గర పెద్ద తరంగం వస్తుంది. కొత్తవాళ్లు దాన్ని ఆలస్యంగా వచ్చిన ఐదో వేవ్ అనుకుంటారు. మెడ కింద దిండు సర్ది, దవడ వదులు చేయించి మళ్లీ తీయండి. అది కుంగిపోతే కండరమే.

4. గ్రౌండ్‌ను కనుబొమల మధ్య లేదా నుదుటి పక్కన పెట్టండి. గ్రౌండ్ ఎక్కడున్నా తరంగం ఆకారం పెద్దగా మారదు, కానీ అది ఊడితే కరెంటు రొద మొత్తం కమ్మేస్తుంది. పైన పెట్టిన నుదుటి ఎలక్ట్రోడ్‌కూ దీనికీ మధ్య 2 నుంచి 3 సెంటీమీటర్లు వదలండి. పసిపిల్లల నుదురు చిన్నది. అక్కడ రెండు పేస్ట్ చుక్కలూ పాకి కలిసిపోతే రెండు ఎలక్ట్రోడ్‌లూ ఒకటైపోతాయి. ఇంపిడెన్స్ (ఎలక్ట్రోడ్, చర్మం మధ్య కరెంటుకు ఎదురయ్యే అడ్డు) అద్భుతంగా చూపిస్తుంది, స్పందన మాత్రం కుంగిపోతుంది. ఇది మోసగించే లోపం కాబట్టి గుర్తుంచుకోండి. ఇంపిడెన్స్ మరీ తక్కువగా, రెండు చోట్లా అచ్చంగా ఒకే అంకె వస్తే ముందు పేస్ట్ పాకిందేమో చూడండి.

5. చర్మం రుద్దడం. ప్రెప్ జెల్ కొంచెం గుడ్డ మీద తీసుకుని, ఎలక్ట్రోడ్ అంత మేరకే, ఒకే దిశలో నాలుగైదు సార్లు రుద్దండి. చర్మం లేత గులాబీగా మారితే చాలు, గీరుకుపోకూడదు. మిగిలిన జెల్ తుడిచి, ఆరనిచ్చి, పేస్ట్‌తో ఎలక్ట్రోడ్ అతికించండి. పుండు, పొక్కు, తామర ఉన్న చోట రుద్దకండి. పక్కకు ఒక సెంటీమీటరు జరగండి, జరిగినట్టు రాసుకోండి.

6. ఇంపిడెన్స్ చూడండి. ప్రతి ఎలక్ట్రోడ్ 5 కిలోఓమ్‌ల లోపు, ఎలక్ట్రోడ్‌ల మధ్య తేడా 2 కిలోఓమ్‌ల లోపు ఉండాలి. ఈ రెండింటిలో తేడాకే ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వండి. యాంప్లిఫయర్ రెండు ఎలక్ట్రోడ్‌లలో ఒకేలా వచ్చే రొదను కొట్టేస్తుంది. ఒకటి 1, ఇంకొకటి 5 ఉంటే ఆ రొద ఒకేలా రాదు, మిగిలిపోతుంది. రెండూ 4 ఉన్న రికార్డింగ్ దీనికంటే శుభ్రంగా వస్తుంది.

7. వైర్లన్నీ జడలా అల్లి తల పైవైపుకు తీయండి. ఇయర్‌ఫోన్ డబ్బా, దాని కేబుల్ ఛాతీ మీద గానీ పక్కన గానీ ఉండాలి. ఎలక్ట్రోడ్ వైర్లూ ఇయర్‌ఫోన్ కేబులూ ఒకదాని మీద ఒకటి పోకూడదు, పక్కపక్కనే సాగకూడదు.

బోన్ కండక్షన్ ఏబీఆర్ (శబ్దాన్ని ఎముక ద్వారా పంపేది) అయితే మాస్టాయిడ్ మీద వైబ్రేటర్ కూర్చుంటుంది. ఎలక్ట్రోడ్ కూడా అక్కడే ఉంటే దాని విద్యుత్ ముద్ర మొదటి వేవ్‌ను మింగేస్తుంది. ఎలక్ట్రోడ్‌ను తప్పనిసరిగా చెవి తమ్మెకు మార్చండి, ఆల్టర్నేటింగ్ పొలారిటీ (క్లిక్ దిశను ఒకసారి ఇటు, ఒకసారి అటు మార్చడం) వాడండి.

మెషీన్‌లో రెండు ఛానెళ్లుంటే రెండూ వాడండి. శబ్దం ఇచ్చిన చెవి వైపు ఛానెల్‌లో మొదటి వేవ్ ఉంటుంది. ఎదుటి చెవి వైపు ఛానెల్‌లో అది దాదాపు కనిపించదు, కానీ నాలుగు, ఐదు వేవ్‌లు విడివిడిగా కనిపిస్తాయి. ఇవి రెండూ అతుక్కుపోయి ఐదోది ఏదో తేలనప్పుడు ఎదుటి ఛానెల్ చూస్తే చిక్కు విడిపోతుంది.

మైనస్ ఎలక్ట్రోడ్‌ను మెడ వెనక, జుట్టు అంచు కింద పెట్టే పద్ధతి కూడా ఉంది. పసిపిల్లల స్క్రీనింగ్‌లో వాడతారు, ఐదో వేవ్ పెద్దదిగా వస్తుంది. మొదటి వేవ్ మాత్రం చిక్కిపోతుంది. కాబట్టి స్క్రీనింగ్‌కు సరే, వ్యవధులు కొలవడానికి పనికిరాదు.

రెండో భాగం: చెవి కాలువలో పెట్టేది

8. కాలువ శుభ్రంగా ఉండాలి. గుబిలి నూనెలా జిగటగా ఉంటుంది, రేకుకూ చర్మానికీ మధ్య పొరలా అడ్డుపడుతుంది. గుబిలి తీశాక, చిన్న దూది పుల్లకు అతి కొద్దిగా ప్రెప్ జెల్ అద్ది, ఫోమ్ ఆనుకునే బయటి మూడో వంతు మేరకే మెల్లగా తుడవండి. లోపలికి పోయేకొద్దీ చర్మం పల్చన, నొప్పి ఎక్కువ. అక్కడ రుద్దొద్దు.

9. బంగారు రేకు మీద పేస్ట్‌ను పలుచటి పొరగా మాత్రమే పూయండి. ఎక్కువైతే రెండు నష్టాలు. మొదటిది, శబ్దం వెళ్లే రంధ్రంలోకి పాకి దాన్ని మూసేస్తుంది. రెండోది, చెవి బయటికి పొంగి చెవి తమ్మెకు అంటుకుంటుంది. అప్పుడు మీరు రికార్డు చేస్తున్నది కాలువ నుంచి కాదు, తమ్మె నుంచి.

10. ఫోమ్‌ను వేళ్ల మధ్య నలిపి సన్నం చేసి, చెవి డొప్పను పైకీ వెనక్కీ లాగి, లోపలికి నెట్టి, ఉబ్బేదాకా ఒక నిమిషం వేలితో ఆపండి. పసిపిల్లలకైతే డొప్పను కిందికీ వెనక్కీ లాగాలి. ఇంపిడెన్స్ చర్మం మీద కంటే ఎక్కువే ఉంటుంది. 10 కిలోఓమ్‌ల దగ్గర ఆగితే కొనసాగించవచ్చు. మరీ ఎక్కువుంటే తీసి మళ్లీ తుడవండి. పేస్ట్ మాత్రం పెంచకండి.

మూడో భాగం: కర్ణభేరి మీద

ఓపిగ్గా చేయాల్సిన భాగం ఇదే. కర్ణభేరికి రంధ్రం, చెవిలోంచి చీము, వెంటిలేషన్ ట్యూబ్, ఇటీవల జరిగిన ఆపరేషన్, కాలువలో వాపు: వీటిలో ఏదున్నా ఈ పద్ధతి వద్దు.

11. మనిషిని పక్కకు తిప్పి, పరీక్షించే చెవి పైకి ఉండేలా పడుకోబెట్టండి. ఏం జరుగుతుందో ముందే చెప్పండి: లోపల గరగరమని చప్పుడు వినిపిస్తుంది, కొన తగిలినప్పుడు చెవి నిండినట్టు ఉంటుంది, నొప్పిగా ఉంటే చెయ్యి ఎత్తాలి, తల కదపకూడదు. తెలియక ఉలిక్కిపడితే కొన కాలువ గోడను గీరుతుంది.

12. నుదుటి, ఎదుటి చెవి తమ్మె ఎలక్ట్రోడ్‌లు ముందే అతికించి ఇంపిడెన్స్ సరిచూసుకోండి. కర్ణభేరి ఎలక్ట్రోడ్ పెట్టాక తల తిప్పించడం కుదరదు.

13. మెత్తటి కొనను సెలైన్‌లో నానబెట్టండి. దూది కొన అయితే నీటిని పూర్తిగా పీల్చుకోవాలి, పట్టకారుతో ఎత్తితే చుక్క కారకూడదు. చుక్క కారితే ఆ సెలైన్ కాలువ గోడ మీద పరుచుకుని కర్ణభేరినీ గోడనూ కలిపేస్తుంది, ఎత్తు పడిపోతుంది. మరీ ఎండితే తాకినా తాకనట్టే. తడిగా మెరుస్తూ, నీళ్లు ఓడకుండా ఉండే స్థితి కావాలి. పూత ఉన్న జెల్ కొన అయితే తయారీదారు చెప్పినంత సేపే నానబెట్టండి.

14. పెద్దవాళ్ల కాలువ పొడవు దాదాపు రెండున్నర సెంటీమీటర్లు. చెవి డొప్పను పైకీ వెనక్కీ లాగి, కాలువ అడుగు వెంబడి కొనను మెల్లగా జరపండి. కర్ణభేరి మీదే, వెనకవైపు కింది భాగం గురి పెట్టాల్సిన చోటు. పైభాగంలో చిన్న ఎముకలు ఉన్నాయి, అటు వెళ్లొద్దు. కొన ఆగిన భావన చేతికి తెలుస్తుంది, అదే క్షణంలో మనిషి "తగిలింది" అంటారు. అక్కడ ఆపండి. ఇంకాస్త తోస్తే కొన వంగి గోడకు ఆనుకుంటుంది, అంతకు మించి లాభం లేదు.

15. వైరు కదలకుండా ఫోమ్ టిప్ పెట్టండి. చెయ్యి తిరగాల్సింది ఇక్కడే. ఒక చేత్తో వైరును కాలువ అడుగున నొక్కి పట్టి, రెండో చేత్తో నలిపిన ఫోమ్‌ను దాని పక్క నుంచి జొప్పించండి. ఫోమ్ ఉబ్బి వైరును గోడకు అదిమి పడుతుంది. ఉబ్బేదాకా రెండు చేతులూ తీయకండి. ఎక్కువ వైఫల్యాలు ఈ అర నిమిషంలోనే జరుగుతాయి: ఫోమ్ లోపలికి పోతూ వైరును వెనక్కి లాగుతుంది, కొన కర్ణభేరిని వదిలేస్తుంది, బయటికి ఏమీ తెలియదు. బయటి వైరును చెంప మీద టేప్‌తో అతికించేటప్పుడు చిన్న మెలిక వదలండి, లాగుడు కొన దాకా పోదు.

16. ఇంపిడెన్స్ 10, 20 కిలోఓమ్‌లు రావచ్చు. కంగారు పడొద్దు. ఇక్కడ ఇంపిడెన్స్ తగిలిందో లేదో చెప్పే ఖచ్చితమైన కొలత కాదు, ఎందుకంటే తడి కొన కాలువ గోడకు తగిలినా మంచి అంకే వస్తుంది. స్క్రీన్ మీద సాగే ఈఈజీ, అంటే సగటు తీయని ముడి గీత, చూడండి. తాకకముందు ఎగిరెగిరి పడిన గీత తాకాక కుదురుకుంటుంది. అసలు రుజువు మాత్రం ఏపీ ఎత్తే.

ఎదుటి చెవి తమ్మెను రెండో ఎలక్ట్రోడ్‌గా వాడితే ఏపీ కొంచెం శుభ్రంగా, ఐదో వేవ్ చిన్నదిగా వస్తుంది. నుదుటిని వాడితే ఏబీఆర్ వేవ్‌లు కూడా ఒకే రికార్డింగ్‌లో దొరుకుతాయి. ఏదైనా సరే, అన్నిసార్లూ ఒకటే వాడండి. కర్ణభేరి ఎలక్ట్రోడ్‌ను మైనస్‌కు కలిపితే ఏపీ పైకి, ప్లస్‌కు కలిపితే కిందికి వస్తుంది. రెండూ సరైనవే, రిపోర్టులో ఏది చేశారో రాయండి.

సెట్టింగులు

| అంశం | ఈకాగ్ | ఏబీఆర్ |
|---|---|---|
| శబ్దం | 100 మైక్రోసెకన్ల క్లిక్, 85 నుంచి 95 డెసిబెల్ | 100 మైక్రోసెకన్ల క్లిక్, 80 నుంచి 90 డెసిబెల్‌తో మొదలు |
| వేగం | సెకనుకు 7.1 లేదా 11.3 | సెకనుకు 21.1 లేదా 27.7 |
| ఫిల్టర్ | 5 లేదా 10 నుంచి 3000 హెర్ట్జ్ | 100 నుంచి 3000, పసిపిల్లల్లో 30 నుంచి |
| విండో | 10 మిల్లీసెకన్లు, ముందు 1 నుంచి 2 మిల్లీసెకన్లు | 15, పసిపిల్లల్లో 20 నుంచి 25 |
| స్వీప్‌లు | కర్ణభేరికి 1000, కాలువకు 2000 | 2000, రెండుసార్లు |

వేగాలు దశాంశాలతో ఉండటానికి కారణం, అవి 50 లేదా 60 హెర్ట్జ్ కరెంటు రొదతో అడుగు కలపకూడదు. ఈకాగ్‌కు కింది ఫిల్టర్ 100 దగ్గర వదిలేయకండి. ఎస్‌పీ నిలకడగా జరిగే వోల్టేజీ, 100 హెర్ట్జ్ ఫిల్టర్ దాన్ని కోసేస్తుంది. ఏబీఆర్ నుంచి ఈకాగ్‌కు మారినప్పుడు ఎక్కువమంది మరిచిపోయేది ఇదే. నాచ్ ఫిల్టర్ (కరెంటు రొద ఫ్రీక్వెన్సీని మాత్రమే కోసేది) ఆపి ఉంచండి.

పొలారిటీ ఆల్టర్నేటింగ్ అయితే మైక్రోఫోనిక్ రద్దై ఎస్‌పీ, ఏపీ మిగులుతాయి. వీలుంటే రేర్‌ఫ్యాక్షన్ (కర్ణభేరిని బయటికి లాగే క్లిక్), కండెన్సేషన్ (లోపలికి నెట్టే క్లిక్) విడివిడిగా తీసి తర్వాత కలపండి. కూడితే ఎస్‌పీ, ఏపీ వస్తాయి, తీసివేస్తే మైక్రోఫోనిక్ వస్తుంది. ఒకే సమయంలో రెండూ చేతిలో ఉంటాయి.

వచ్చినది నిజమేనా? సరిచూసుకోండి

మళ్లీ తీయండి. ఒకదాని మీద ఒకటి పెడితే శిఖరాలు కలవాలి. కలవని శిఖరానికి పేరు పెట్టకండి.

ఇయర్‌ఫోన్ ట్యూబ్‌ను క్లిప్‌తో నొక్కి మళ్లీ తీయండి. శబ్దం చెవికి చేరదు, కరెంటు మాత్రం పోతూనే ఉంటుంది. మాయమైనది చెవిది, మిగిలినది ఇయర్‌ఫోన్ ముద్ర. మైక్రోఫోనిక్ ఉందని రిపోర్టు రాసే ముందు ఇది చేయకపోతే ఆ రిపోర్టుకు విలువ లేదు. ముఖ్యంగా ఆడిటరీ న్యూరోపతి (హెయిర్ సెల్స్ పనిచేస్తున్నా నాడి సంకేతం సరిగ్గా అందని జబ్బు) అనుమానంలో నిర్ణయమంతా దీని మీదే నిలబడుతుంది. ఇన్సర్ట్ ఇయర్‌ఫోన్ ట్యూబ్‌లో శబ్దం నడవడానికి 0.8 నుంచి 0.9 మిల్లీసెకన్ పడుతుంది కాబట్టి సున్నా దగ్గరే మొదలైన తరంగం కనిపిస్తే అనుమానించండి. మీ మెషీన్ ఆ ఆలస్యాన్ని తనే సరిదిద్దుతుందో లేదో ముందు తెలుసుకోండి.

ఎస్‌పీ అనుకున్న భుజం నిజంగా ఎస్‌పీనా? క్లిక్ వేగాన్ని సెకనుకు 90 దాటించండి. నాడి అంత వేగాన్ని తట్టుకోలేదు, ఏపీ బాగా కుంగుతుంది. ఎస్‌పీ నిలబడుతుంది. రెండూ కలిసి కుంగితే మీరు చూసింది ఎస్‌పీ కాదు.

కర్ణభేరి మీద పెట్టామనుకుంటే ఏపీ అర మైక్రోవోల్ట్ దగ్గరే ఉందా? వినికిడి మామూలుగా ఉంటే కొన తగల్లేదని అర్థం. స్వీప్‌లు పెంచకుండా ఫోమ్ తీసి 13వ దశ నుంచి మళ్లీ చేయండి.

తరచూ జరిగే పొరపాట్లు

- కుడి, ఎడమ వైర్లు తారుమారు. గుర్తు: శబ్దం ఇచ్చిన వైపు మొదటి వేవ్ ఉండదు, ఎదుటి ఛానెల్‌లో ఉంటుంది. పసిపిల్ల తల తిప్పి పడుకోబెట్టినప్పుడు ఇది ఎక్కువ జరుగుతుంది.
- ప్లస్, మైనస్ తారుమారు. ఐదో వేవ్ గుంటలా కిందికి దిగుతుంది.
- ఫోన్ జేబులో ఉండటం, పడక పక్కన మోటారు పనిచేయడం. ఎలక్ట్రోడ్ ఎంత బాగున్నా రొద తగ్గకపోతే గదిలో ఒక్కో పరికరం ప్లగ్ తీసి చూడండి, స్విచ్ ఆపడం చాలదు.
- పరీక్ష మధ్యలో పేస్ట్ ఎండిపోవడం. మొదలుపెట్టినప్పుడే కాదు, రెండో చెవికి మారే ముందూ, చివరా ఇంపిడెన్స్ చూడండి.
- బేస్‌లైన్ ఎక్కడ పెట్టాలో తేలకపోవడం. శబ్దానికి ముందున్న 1 మిల్లీసెకన్ సగటును బేస్‌లైన్‌గా తీసుకోండి. ఎస్‌పీ, ఏపీ రెండింటినీ దాని నుంచే కొలవండి. ఎస్‌పీ ఒక చోటి నుంచి, ఏపీ ఇంకో చోటి నుంచి కొలిస్తే నిష్పత్తి ఎటు కావాలంటే అటు తిరుగుతుంది.
- ఒక చోటి హద్దును ఇంకో చోటికి వాడటం. మొదట్లో చెప్పిన 0.35, 0.5 గొడవ ఇదే. చెవి కాలువ ఎలక్ట్రోడ్‌కు ఎస్‌పీ, ఏపీ నిష్పత్తి 0.5 దాటితే, కర్ణభేరికి 0.35 దాటితే, సూదికి 0.3 దాటితే ఎక్కువ అని చాలాచోట్ల లెక్కిస్తారు. 0.42 వచ్చిందంటే కర్ణభేరి మీద అది హద్దు దాటినట్టు, చెవి కాలువలో మామూలు. మీ దగ్గరున్న పరికరంతో, మీరు పెట్టే పద్ధతిలో, మామూలు వినికిడి ఉన్నవాళ్లలో తీసిన సొంత హద్దులు వీటికంటే నమ్మదగినవి.

మెనియేర్స్ జబ్బును (తల తిరగడం, వినికిడి తగ్గడం వచ్చే లోపలి చెవి జబ్బు) ఈ ఒక్క నిష్పత్తితో తేల్చకండి. 2020లో అమెరికన్ ఈఎన్‌టీ అకాడమీ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఆ నిర్ధారణకు ఈకాగ్‌ను మామూలుగా రాయొద్దనే చెప్పాయి. లక్షణాలు, వినికిడి పరీక్ష చెప్పేదానికి తోడుగానే దీన్ని చూడాలి.

రిపోర్టులో తప్పక రాయాల్సినవి

ప్లస్ ఎక్కడ, మైనస్ ఎక్కడ, గ్రౌండ్ ఎక్కడ. ఎలక్ట్రోడ్ రకం. మొదట, చివర ఇంపిడెన్స్. ఫిల్టర్, వేగం, పొలారిటీ, డెసిబెల్, స్వీప్‌లు. ట్యూబ్ నొక్కి చూశారా లేదా. నిష్పత్తిని ఏ హద్దుతో పోల్చారు. ఎలక్ట్రోడ్‌ను మామూలు చోటు నుంచి జరపాల్సి వస్తే ఎటు, ఎంత జరిపారో. ఆరు నెలల తర్వాత అదే మనిషి మళ్లీ వచ్చినప్పుడు, ఆ చెవిని పరీక్షించేది మీరు కాకపోయినా, ఎలక్ట్రోడ్ అదే చోట పెట్టడానికి వాళ్లకు ఈ నాలుగు వరుసలే ఆధారం.